దుర్గాబాయి దేశ్‌ముఖ్: కుటుంబ న్యాయస్థానాల కోసం ముందుగా గొంతెత్తిన న్యాయవాది

న్యూఢిల్లీ: ఢిల్లీ మెట్రో పింక్ లైన్‌లో, శ్రీ వేంకటేశ్వర కళాశాల సమీపాన ఉన్న స్టేషన్ పేరు దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్. 2018లో ప్రారంభమైన ఈ స్టేషన్‌లో దిగే విద్యార్థులకు ఆమె స్వాతంత్ర్య సమరయోధురాలిగా, సంఘసేవకురాలిగా కొంత తెలిసి ఉండవచ్చు. ఇంటి నాలుగు గోడల మధ్య వేధింపులకు గురై కోర్టు మెట్లెక్కిన స్త్రీకి ఆమె చేసిన మేలు మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో జన్మించారు. ఎనిమిదేళ్ల వయసులో ఆమెకు వివాహం జరిపించారు. యుక్తవయసు వచ్చాక ఆ కాపురానికి వెళ్లేందుకు ఆమె నిరాకరించారు. తండ్రి, సోదరుడు ఆమె పక్షాన నిలిచారు. ఆ రోజుల్లో హిందూ స్త్రీకి విడాకుల హక్కు చట్టంలో లేదు. పురుషుడు మరో పెళ్లి చేసుకోవడానికి మాత్రం అడ్డేమీ ఉండేది కాదు. ఇష్టంలేని వివాహం నుంచి బయటపడే అవకాశం పుట్టింటివారి మంచితనంపైనే ఆధారపడిన కాలమది. ఆమెకు ఆ అండ దొరికింది. దొరకనివారి సంగతి ఆమె జీవితాంతం మరువలేదు.

చాలా ఏళ్ల తరువాత ఒక విచిత్రమైన సందర్భం ఎదురైంది. ఆ భర్త తరువాత మరొకరిని వివాహమాడి, 1940లలో మరణించారు. అత్తవారింట ఆదరణ కరవైన ఆయన భార్యను దుర్గాబాయి చేరదీసి, చేతివృత్తుల శిక్షణ ఇప్పించి, సొంత కాళ్లపై నిలబడేలా చేశారు. భర్త పోయిన స్త్రీకి జాలి కన్న ముందు జీవనాధారం కావాలన్న ఆమె నమ్మకానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు.

ఆమెను న్యాయశాస్త్రం వైపు మళ్లించినది కారాగారం. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని అరెస్టయిన ఆమె, తరువాతి మూడేళ్లలో పలుమార్లు జైలుకు వెళ్లారు. మదురై జైలులో ఏకాంత నిర్బంధాన్ని అనుభవించారు. తోటి మహిళా ఖైదీల్లో చాలామందికి చదువు రాదు, చట్టం తెలియదు. తమ పక్షాన మాట్లాడేవారు లేక శిక్ష అనుభవిస్తున్నవారు వారిలో ఉన్నారు. వారికి ఉచితంగా న్యాయసహాయం అందించాలన్న సంకల్పం ఆమెకు అక్కడే కలిగింది. విడుదలయ్యాక ఆగిపోయిన చదువును మొదటినుంచి మొదలుపెట్టి, బనారస్ హిందూ విశ్వవిద్యాలయం ద్వారా మెట్రిక్యులేషన్, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం, 1942లో మద్రాసులో న్యాయపట్టా పూర్తిచేశారు. ఈలోగా 1937లోనే మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించారు. ఇల్లు విడిచిన స్త్రీలు, వితంతువులు అక్కడ చదువుకుని పరీక్షలకు కూర్చున్నారు.

1946లో ఆమె రాజ్యాంగ సభకు ఎన్నికై ఢిల్లీ వచ్చారు. సభాధ్యక్షుల జాబితాలో చోటు దక్కిన ఏకైక మహిళ ఆమె. హిందూ కోడ్ బిల్లుపై చర్చల్లో స్త్రీల ఆస్తి హక్కును గట్టిగా సమర్థించారు. 1952 ఎన్నికల్లో ఓటమి ఎదురైంది. ఆ తరువాత ప్రణాళికా సంఘంలో సభ్యత్వం, 1953లో చింతామణి దేశ్‌ముఖ్‌తో వివాహం, అదే ఏడాది ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు తొలి అధ్యక్ష పదవి వరుసగా వచ్చాయి. చదువు మధ్యలో ఆగిన స్త్రీలు రెండేళ్లలో పరీక్ష గట్టెక్కేందుకు బోర్డు 1958లో సంక్షిప్త కోర్సులు ప్రారంభించింది. మద్రాసులో ఆమె చేసి చూసిన పనికి ఇది జాతీయ రూపం. అదే బోర్డు ఆధ్వర్యంలో 1980లలో కుటుంబ సలహా కేంద్రాలు వెలిశాయి.

చట్టం విషయంలో ఆమె ముందుచూపు 1953 నాటిది. చైనా పర్యటనలో కుటుంబ వివాదాలను విచారించే ప్రత్యేక న్యాయస్థానాలను ఆమె పరిశీలించారు. ఆస్తి తగాదాల వరుసలోనే భార్యాభర్తల వ్యాజ్యమూ ఏళ్ల తరబడి నిలబడితే నష్టపోయేది స్త్రీయేనని న్యాయవాదిగా ఆమెకు తెలుసు. భరణం అందని ప్రతి నెలా ఆమెను తిరిగి ఆ గడపవైపే నెడుతుంది. స్వదేశం చేరాక బొంబాయి హైకోర్టు న్యాయమూర్తులు ఎం.సి. చాగ్లా, పి.బి. గజేంద్రగడ్కర్‌లతోనూ, ప్రధాని నెహ్రూతోనూ ఈ ఆలోచనను చర్చించారు. పార్లమెంటు కుటుంబ న్యాయస్థానాల చట్టాన్ని ఆమోదించినది మాత్రం 1984లో. అప్పటికి ఆమె మరణించి మూడేళ్లు దాటింది. 1981 మే 9న ఆమె కన్నుమూశారు. దేశ రాజధానిలో తొలి కుటుంబ న్యాయస్థానం ద్వారకాలో ఏర్పడేసరికి 2009 వచ్చింది. ఆలోచనకూ ఆచరణకూ మధ్య అర్ధశతాబ్దానికి పైగా గడిచింది.

ఆ చట్టంలో ఆమె ఆశయానికి పొసగని అంశాలూ లేకపోలేదు. వీలున్న ప్రతి కేసులో ముందు రాజీకి ప్రయత్నించాలని అది న్యాయమూర్తిని ఆదేశిస్తుంది. దెబ్బలు తిన్న స్త్రీ విషయంలో రాజీ అంటే చాలాసార్లు తిరిగి అదే ఇంటికి పంపడమేనని మహిళా సంఘాలు ఆక్షేపిస్తూ వచ్చాయి. కక్షిదారు హక్కుగా న్యాయవాదిని పెట్టుకునే వీలు కూడా ఆ చట్టంలో లేదు; కోర్టు అనుమతి కావాలి. గొంతులేనివారి కోసం న్యాయవాది అయిన వ్యక్తి కలగన్న కోర్టులోనే ఈ నియమం చేరింది.

ఈ లోటును కొంత పూరించినది 2005 నాటి గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం. 2006 అక్టోబరు 26 నుంచి అమలులో ఉన్న ఈ చట్టం శారీరక హింసతోపాటు మానసిక, లైంగిక, ఆర్థిక వేధింపులనూ గృహహింసగానే గుర్తించింది. ఇల్లు ఎవరి పేరున ఉన్నా, కాపురం చేసిన ఇంట్లో నివసించే హక్కు స్త్రీకి కల్పించింది. మేజిస్ట్రేటు ముందు వేసిన దరఖాస్తుకు సాధారణంగా 3 రోజుల్లోగా తొలి విచారణ తేదీ ఇవ్వాలి, తొలి విచారణ నుంచి 60 రోజుల్లో పరిష్కరించడానికి ప్రయత్నించాలి. రక్షణ ఉత్తర్వు, నివాసం, భరణం వంటి ఈ ఉపశమనాలను 26వ సెక్షన్ కింద, విడాకులో భరణమో కోరుతూ ఇప్పటికే కుటుంబ న్యాయస్థానంలో ఉన్న స్త్రీ అక్కడే అడగవచ్చు.