అశ్వహృదయ మెఱిగిన రౌతు

నలమహారాజు అశ్వహృదయ మెఱిగినవాడని భారతకథ చెప్పుచున్నది. గుఱ్ఱమును కొరడాతో నడుపువారు పెక్కుమంది. దాని మనసు తెలిసికొని నడుపువారు అరుదు. ఇరువదవ శతాబ్దమున అట్టి రౌతులలో జపాను దేశీయుడగు బారన్ తాకెయిచి నిషి ప్రసిద్ధుడు.

నిషి 1902 జూలై 12న టోక్యో నగరమున జన్మించెను. తండ్రి తోకుజిరో నిషి విదేశాంగ మంత్రిగను, చైనాలో తన ప్రభుత్వ ప్రతినిధిగను పనిచేసినవాడు. ఆయన 1912లో మరణింపగా, పదియేండ్లు నిండకమునుపే బాలునకు బారన్ బిరుదమును, విస్తారమైన ఆస్తియు సంక్రమించెను. సైనిక విద్య ముగించి నిషి అశ్వికదళమున చేరెను.

1930లో ఇటలీ దేశమున ఆయనకు యురేనస్ అను గుఱ్ఱము కనబడెను. అది మిక్కిలి పొడగరి. ఎవరికిని సులభముగా లొంగునది కాదు. దానిని కొనుటకు సైన్యము ధనమీయకపోగా నిషి సొంత సొమ్ముతో కొనెను. పరులకు లొంగని ఆ జంతువు ఆయన చేతిలో సాధువయ్యెను.

1932 ఆగస్టు 14న లాస్ ఏంజెలెస్ ఒలింపిక్ క్రీడలలో అశ్వలంఘన పోటీ జరిగెను. కంచెలను, అడ్డుగోడలను, నీటి కందకమును వరుసగా దాటవలెను. అడ్డును కూల్చినను, గుఱ్ఱము మొరాయించినను తప్పులు లెక్కకు వచ్చును. నాటి పరీక్ష ఎంత కఠినమనగా, ఏ దేశమునకు చెందిన ముగ్గురు రౌతులును దానిని పూర్తి చేయలేకపోయిరి. జట్టు పతకము లెవరికిని దక్కలేదు. నిషి 8 తప్పులతో స్వర్ణపతకము గెలుచుకొనెను. అమెరికా రౌతు హ్యారీ ఛేంబర్లిన్ 12 తప్పులతో ద్వితీయుడయ్యెను.

1931లో జపాను మంచూరియాను ఆక్రమించియుండుటచే అమెరికాలో ఆ దేశముపై ఆగ్రహము రగులుచున్న కాలమది. అయినను ఆ నగరము విజేతను గౌరవ పౌరునిగా ఆదరించెను. డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్, మేరీ పిక్‌ఫోర్డ్ వంటి చలనచిత్ర తారలు ఆయనకు మిత్రులైరి. 1936లో బెర్లిన్ క్రీడలలోను ఆయన పాల్గొనెను గాని పతకము లభింపలేదు.

అంతలో యుద్ధము వచ్చెను. గుఱ్ఱముల స్థానమును ట్యాంకు లాక్రమించెను. లెఫ్టినెంట్ కర్నల్ నిషి 26వ ట్యాంకు రెజిమెంటునకు అధిపతిగా ఇవోజిమా దీవికి నియమితుడయ్యెను. 1944 జూలైలో త్రోవలోనే అమెరికా జలాంతర్గామి ఆయన ఓడను ముంచగా 28 ట్యాంకులు సముద్రము పాలయ్యెను. వేఱు ట్యాంకుల కొఱకు ఆయన టోక్యో వెళ్లెను. అప్పుడే ముసలిదైన యురేనస్‌ను కడసారి చూచి వచ్చెనని చెప్పుదురు.

1945 ఫిబ్రవరి 19న అమెరికా సైన్యము ఆ దీవిపై దిగెను. మార్చి నెలలో నిషి అచటనే నేలకొరిగెను. అప్పటికాయన వయస్సు 42 ఏండ్లు. ఆ నెలాఖరులోనే యురేనస్ కూడ మరణించెను.

పిమ్మట 2024లో పారిస్ నగరమున జపాను జట్టు కాంస్యము గెలుచువరకు, అనగా 92 ఏండ్లు, అశ్వక్రీడలలో ఆ దేశమునకు మఱియొక ఒలింపిక్ పతకము లేదు.

కొలువులో నున్నవారికి ఆజ్ఞ శిరోధార్యము. అది మైత్రిని విచారింపదు. ఒకనాడు తనకు జేజేలు పలికిన జాతితోనే నిషి పోరాడి మడియవలసి వచ్చెను. కాని లాస్ ఏంజెలెస్ మైదానమున ఆయన పొందిన ఆదరము అబద్ధము కాదు. యుద్ధము ఆయనను కొనిపోయినను, ఆ రౌతును, ఆ గుఱ్ఱమును లోకము కలిపియే తలచుకొనుచున్నది.