ఇంటినే బడిగా చేసిన రామమూర్తి పంతులుగారు



తిమోతికి చిన్ననాటనే దేవుని లేఖనములను నేర్పినవారు గొప్ప శాస్త్రులు కారు. అతని అవ్వ లోయియు తల్లి యునీకేయు ఇంటిలోనే అతనికి నేర్పిరి. నజరేతులో మన ప్రభువు చేతిపని నేర్చుకొన్నది వడ్రంగి యింటిలోనే. ఇశ్రాయేలీయులకు ధర్మశాస్త్రము ఇయ్యబడినప్పుడు దానిని పిల్లలకు నేర్పు భారము మొదట తలిదండ్రులమీదనే ఉంచబడెను. అది ఇంటి అరుగుమీదను, పొలము దారిలోను జరుగవలసిన పని. అయినను మన పల్లెలలో అనేకులు, తాము చదువుకొనలేదనియు, తమ పిల్లలకు తామేమి నేర్పగలమనియు నిట్టూర్చుచుందురు. అట్టివారి నిమిత్తమే ఈ నెల ఒక జీవితమును జ్ఞాపకము చేసికొనుచున్నాము. ఆ జీవితము గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారిది. ఆయన మన క్రైస్తవ సంఘమునకు చెందినవారు కారు. అయినను మన వంశధార ఒడ్డున పుట్టి, ఇంటిలో నేర్చుకొనుట ఎట్టిదో, ఇంటిలో నేర్పుట ఎట్టిదో తమ బ్రతుకుతో చూపినవారు.

ముందుగా మన చుట్టును చూచుకొందము. పొందూరులో ప్రత్తిని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రము చేయు నేర్పు పుస్తకములలో చదివి వచ్చినది కాదు. తల్లి ప్రక్కను కూర్చుండి కూతురు నేర్చుకొన్నది. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి వీణగా చేయు పని తండ్రి చేతినుండి కొడుకు చేతికి వచ్చినది. మడిలో నీరు ఎంత నిలువవలెనో, చోళ్ళు ఎప్పుడు కోతకు వచ్చునో, ఆవు ఈనునప్పుడు ఏమి చేయవలెనో మన పిల్లలకు చెప్పినదెవరు? అక్షరము రాని తల్లులును తండ్రులును కారా? చూచుట, వినుట, చేతితో చేయుట, తప్పు చేసి దిద్దుకొనుట అను ఈ నాలుగును ఇంటి చదువునకు నాలుగు స్తంభములు. పంతులుగారి పాండిత్యమంతయు ఈ స్తంభములమీదనే నిలిచినది.

రామమూర్తి పంతులుగారు 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగమునకు సమీపమున పర్వతాలపేట గ్రామములో జన్మించిరి. తండ్రి వీర్రాజుగారు పర్లాకిమిడి జమీందారీలో ఉద్యోగి. తల్లి వెంకమ్మగారు. తండ్రికి చోడవరమునకు బదిలీ కాగా అక్కడ విషజ్వరము తగిలి 1875లో మరణించిరి. అప్పటికి కుమారునికి పండ్రెండేండ్లు. మేనమామగారి ఆదరణలో ఉండి, విజయనగరములోని మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో ఆయన చదువు సాగించిరి. గురజాడ అప్పారావుగారు అక్కడ ఆయనకు సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషను పరీక్షలో కృతార్థులై, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరిరి. కాలేజీకి వెళ్ళి చదువుటకు అవకాశము లేకపోయెను.

అంతటితో చదువు ముగిసెనని ఆయన అనుకొనలేదు. పగలు పిల్లలకు పాఠములు చెప్పుచు, తమ చదువును ప్రైవేటుగా చదువుకొనుచు 1886లో ఎఫ్.ఏ. పరీక్షలోను, తరువాత కొన్ని యేండ్లకు బి.ఏ. పరీక్షలోను నెగ్గిరి. చరిత్ర పాఠము చెప్పు ఉపాధ్యాయునికి చరిత్ర పుస్తకము చాలునని చెప్పువారు కలరు. పంతులుగారికి అది చాలలేదు. తాము పుట్టిన ఊరికి దగ్గరనే ముఖలింగములో ప్రాచీన దేవాలయములు కలవు. వాటి రాళ్ళమీద పాత లిపులలో శాసనములు కలవు. ఆ లిపులను ఆయన స్వయముగా నేర్చుకొని శాసనములను చదివిరి. కళింగమును ఏలిన గాంగరాజులనుగూర్చి ఇంగ్లీషులో వ్యాసములు వ్రాసిరి. ఆ రాజుల రాజధానియైన కళింగనగరము ఈ ముఖలింగమే అని నిరూపింప పూనుకొనిరి. దినమును ఆ దారిని పోవువారందరు చూచిన రాళ్ళే అవి. నిలిచి చదివినవాడు ఒక బడిపంతులు.

అయితే ఆయన జీవితములో మిక్కిలి విలువగలదని మాకు తోచునది మరియొకటి. పర్లాకిమిడికి చుట్టునున్న కొండలలో సవరలు నివసించుదురు. కట్టెలు, ఆకులు, కొండపంటలు తెచ్చి పల్లపు సంతలలో అమ్ముకొని పోవుదురు. ఆ కాలమున పల్లపువారి భాష వారికి సరిగా రాదు గనుక బేరములో మోసపోవుచుండిరి. కచ్చేరీలో నోరు విప్పలేకపోవుచుండిరి. పిల్లలకు అప్పుడు బడి లేకుండెను. వారికి చదువు చెప్పవలెనని పంతులుగారికి కోరిక కలిగెను. మరియొకరైనచో సవర పిల్లలను పిలిచి తెలుగు ఓనమాలు దిద్దించియుందురు. ఆయన అట్లు చేయలేదు. వారికి నేర్పుటకు ముందు వారివద్ద తాము నేర్చుకొనవలెనని నిశ్చయించుకొనిరి.

ఆ భాషకు అప్పుడు బడిలో వాడదగిన పుస్తకము లేదు, నిఘంటువు లేదు. తెలుగును సవరయు తెలిసిన ఒక మనిషిని పంతులుగారు తమ యింటనే పెట్టుకొని, అతని నోటినుండి ఒక్కొక్క మాటగా ఆ భాషను నేర్చుకొనసాగిరి. ఒక బ్రాహ్మణ గృహస్థుడు, రాజావారి పాఠశాలలో గౌరవముగల ఉపాధ్యాయుడు, కొండభాష చెప్పువాని యెదుట విద్యార్థియై కూర్చుండుట ఆ కాలమున ఎట్టి సంగతియో చదువరులు తలంచుకొందురు గాక. సవర భాష తెలుగునకు చుట్టము కాదు. అది ముండా భాషల కుటుంబములోనిది. గొంతును నొక్కి ఆపి పలుకవలసిన ధ్వని దానిలో కలదు. చేయు పనియు, చేయబడు వస్తువును ఒకే క్రియాపదములో ఇమిడిపోవుట కలదు. ఇవన్నియు చెవితో విని, నోటితో పలికి, తప్పు దిద్దించుకొని నేర్వవలసినవే. నెలలతో తీరిన పని కాదది. సంవత్సరముల తరబడి సాగెను.

ఆ యింటిలో పెరిగిన పిల్లలకు అది ఎట్టి బడియో ఊహించుకొనవచ్చును. జ్యేష్ఠ కుమారుడు సీతాపతిగారు 1885లో జన్మించిరి. తండ్రివలె ఆయనయు సవర భాషలో ప్రవీణులై తండ్రి కృషిలో తోడ్పడిరి. తరువాతి కాలమున పిల్లలకు తెలుగులో సులభమైన పాటలు వ్రాసి పేరొందిరి. వినుట విలువైన పనియని తండ్రిని చూచి నేర్చుకొన్న కుమారుడు ఆయన.

పిదప పంతులుగారు సవర భాషలో వాచకములు, పాటలు, కథలు తయారుచేసిరి. సొంత డబ్బు పెట్టి సవర పిల్లలకు బడులు తెరచి, ఉపాధ్యాయులకు జీతములు తామే ఇచ్చి, ఆ పిల్లల భాషలోనే వారికి చదువు చెప్పించిరి. దొరతనమువారు ఆ పుస్తకములకు ప్రతిఫలముగా సొమ్ము ఇచ్చెదమనగా, దానిని తాము పుచ్చుకొనక, సవరలకు బడులు పెట్టుటకు వినియోగింపుడని కోరిరి. 1913లో ఆయనకు రావు బహదూర్ బిరుదము లభించెను. ఆయన వ్రాసిన సవర వ్యాకరణము 1931లోను, సవర నిఘంటువు 1938లోను మద్రాసు ప్రభుత్వము వారు అచ్చువేయించిరి. ఇంటి అరుగుమీద మొదలైన పని ముప్పదియైదేండ్లకు పైగా సాగి, లోకములోని భాషాపండితులు చదువు గ్రంథములై వెలువడెను.

దీనికి ఆయన చెల్లించిన వెల చిన్నది కాదు. కొండలలో తిరుగుటవలన మలేరియా జ్వరము పట్టుకొనెను. దానికి క్వినైను అధికముగా పుచ్చుకొనుటచే వినికిడి దెబ్బతినెను. పరుల మాటలను శ్రద్ధతో వినుటయే వ్రతముగా పెట్టుకొన్న మనిషికి చెవులు పోవుటకంటె పెద్ద నష్టమేమి కలదు? అయినను ఆయన ఆ పనిని విడిచిపెట్టలేదు.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకొనవలసియున్నది. కొన్ని యేండ్ల క్రిందట మా ఆదివారపు బడికి కొండదిగువ ఊరినుండి ఒక సవర చిన్నది వచ్చుచుండెను. ఏమి అడిగినను తల వంచుకొని ఊరకుండెడిది. పిల్ల మందమతియని మేము నిర్ణయించుకొంటిమి. ఒకనాడు సంతలో ఆమెను చూచితిమి. తల్లి ముందు తట్టలో చింతపండును అడ్డాకుల కట్టలును ఉండెను. ఆ పిల్ల తల్లితో గలగల మాటలాడుచు, కొనువారికి లెక్క తప్పకుండ చిల్లర ఇచ్చుచుండెను. మేము సిగ్గుపడి నిలిచిపోతిమి. మాటలు రానివారము మేమే గాని ఆమె కాదు. అంతకుముందు పంతులుగారి జీవితమును మేము చదివియే యుంటిమి. అది మాకు అర్థమైనది మాత్రము ఆ దినముననే.

తెలుగు పిల్లల విషయములోను పంతులుగారు చూచినది ఈ కష్టమునే. 1907లో యేట్సు దొరగారు ఉత్తర కోస్తా జిల్లాలకు బడుల ఇన్‌స్పెక్టరుగా వచ్చిరి. జనులు మాటలాడు తెలుగు ఒకటి, బడిపుస్తకములలోని తెలుగు మరియొకటి అయి ఉండుట ఆయనకు వింతగా తోచి విచారించెను. ఆ ప్రశ్న గురజాడ, గిడుగు ఉభయులయొద్దకు వచ్చెను. సవర పిల్లకు తన యింటి మాటలో చదువు చెప్పవలసియున్నప్పుడు తెలుగు పిల్లకు మాత్రము ఏల చెప్పకూడదు? 1911లో ఉద్యోగము విరమించిన తరువాత పంతులుగారు తమ శేషజీవితమును ఈ పోరాటమునకే అర్పించిరి. ఊరూర సభలలో వాదించిరి. 1919లో తెలుగు అను పత్రిక నడపిరి. పండితులు అనేకులు ఎదిరించిరి. పూర్వగ్రంథములన్నియు క్షుణ్ణముగా చదివియున్నవారు గనుక ఆ గ్రంథములనుండియే ఆయన వారికి జవాబు చెప్పిరి. మన పరిశుద్ధ గ్రంథపు తెలుగును, దానిని అనుసరించు ఈ పత్రిక తెలుగును ఆయన కోరిన తెలుగు కావని మేమెరుగుదుము. ఈ వ్యాసము చూచినచో పంతులుగారు మమ్మును మందలించియుందురు.

1936వ సంవత్సరము ఏప్రిల్ మొదటి తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడి పర్లాకిమిడి పట్టణము దానిలో చేరెను. దానిని వ్యతిరేకించిన పంతులుగారు ఏబదియేండ్లకు పైగా బ్రతికిన ఊరిని, బడిగా చేసిన ఇంటిని విడిచి రాజమహేంద్రవరము చేరిరి. అప్పటికి ఆయనకు డెబ్బదిరెండేండ్లు. 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదమిచ్చి గౌరవించెను. 1940 జనవరి 22న మద్రాసులో కన్ను మూసిరి. దానికి వారము దినముల ముందు కూడ పత్రికలవారిని కలిసికొని, జనుల భాషను విడువవద్దని వేడుకొనిరి. ఇప్పుడు ఆయన జన్మదినమైన ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవముగా జరుపబడుచున్నది.

పెంతెకొస్తు దినమున యెరూషలేములో కూడినవారు దేవుని గొప్పకార్యములను ఎవరి భాషలో వారు వినిరి. అందరును ఒక భాష నేర్చుకొనువరకు పరిశుద్ధాత్ముడు ఆగలేదు. మన సవర సహోదరులకు తమ భాషలోనే క్రొత్త నిబంధన తరువాతి కాలమున లభించినందుకు దేవుని స్తుతించుచున్నాము. తమ యింటి మాటలో వాక్యము వినిన తల్లి దానిని పొయ్యి దగ్గర తన బిడ్డకు చెప్పగలదు. పరాయి మాటలో వినినచో చెప్పలేదు.

ఈ రోజులలో పట్టణములలో కొందరు పిల్లలను బడికి పంపక ఇంటిలోనే చదివించుచున్నారు. పిల్లలను బడి మాన్పింపుడని మేము చెప్పుట లేదు. బడికి పంపుడి, అయితే ఇంటి చదువును మాన్పింపకుడి. సాయంకాలమున బిడ్డను ప్రక్కను కూర్చుండబెట్టుకొని ఆనాడు ఏమి నేర్చుకొనెనో మీ యింటి మాటలో చెప్పుమని అడుగుడి. మీకు అక్షరము రాకపోయినను వినుట వచ్చును గదా. విత్తు చల్లునప్పుడు ఒక పిడికెడు వాని చేతికి ఇయ్యుడి. విత్తువాని ఉపమానము వానికి అక్కడనే అర్థమగును. మన కళింగపు యాసను చూచి ఎవరైన నవ్వినచో సిగ్గుపడవలదని చెప్పుడి. మీ సంఘములో మాటలాడని బిడ్డ యున్నచో తెలివి లేనిదని తలంపక, మొదట ఆ బిడ్డ మాట మీరు నేర్చుకొనుడి.

మా ఆదివారపు బడిలో ఇప్పుడు ప్రతి వారమును ఒక సవర మాట ఆ చిన్నదానివద్ద నేర్చుకొనుచున్నాము. మేము తప్పుగా పలికినప్పుడు ఆమె నవ్వి దిద్దును. ఒకప్పుడు తల యెత్తని బిడ్డ ఆమె.