పిల్లల కోర్టులో నిలబడ్డ పెద్దాయన

స్వర్ణోత్సవ సంచికలో మన గురువుల గురించి, మన బ్యాచ్‌ల గురించి రాసే మిత్రులు చాలామంది ఉన్నారు. నేను మాత్రం మన ఊరి పేరు కూడా విని ఉండని ఒక డాక్టరు గారి జీవితం రాస్తున్నాను. బడిలో పిల్లలు దెబ్బలూ భయమూ లేకుండా ఉండాలంటే ఏం చేయాలో ఆయన ముప్పై ఏళ్లు చేసి చూపించారు. ఆయన పేరు యానుష్ కోర్చాక్.

అది కలం పేరు. అసలు పేరు హెన్రిక్ గోల్డ్‌ష్మిట్. 1870ల చివర్లో పోలెండ్‌లోని వార్సా నగరంలో, ఒక యూదు కుటుంబంలో పుట్టారు. అప్పట్లో వార్సా రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. తండ్రి పేరున్న లాయరు. ఆయనకు మతి చలించి ఆసుపత్రి పాలవడంతో కలిగిన కుటుంబం కాస్తా చితికిపోయింది. హెన్రిక్ ట్యూషన్లు చెప్పి ఇంటికి ఆసరా అయ్యారు. చిన్నప్పుడు చదివిన బడిలో తోటి పిల్లవాణ్ణి బెత్తంతో కొడుతుంటే చూసి ఆయన హడలిపోయారు. పెద్దయ్యాక రాసిన రాతల్లో కూడా ఆ భయం కనిపిస్తుంది.

వార్సాలో వైద్యం చదివి పిల్లల ఆసుపత్రిలో డాక్టరయ్యారు. మంచి ప్రాక్టీసు, రచయితగా పేరు రెండూ ఉన్నాయి. 1912లో ఆ ఆసుపత్రి ఉద్యోగం వదిలేసి, క్రోఖ్మాల్నా వీధిలో కొత్తగా కట్టిన యూదు అనాథ పిల్లల వసతి గృహానికి పెద్దదిక్కయ్యారు. రోజువారీ నిర్వహణ అంతా స్తెఫానియా విల్చిన్‌స్కా అనే ఆవిడ చూసేవారు. పిల్లలు పగలు బయటి బడులకు వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేవారు. మన లెక్కలో అదొక హాస్టల్.

సుమారు వంద మంది పిల్లలు. చాలామంది పేదరికంలో, దెబ్బల మధ్య పెరిగినవాళ్లే. కొట్లాటలు, దొంగతనాలు, చిన్నవాళ్లను పెద్దవాళ్లు ఏడిపించడం మామూలే. బెత్తం పట్టుకుంటే రెండు రోజుల్లో నిశ్శబ్దం వచ్చేది. కోర్చాక్ ఆ దారి పట్టలేదు. ఆయన చేసిన పనులు చూస్తే నా వంటి ఇంజనీరుకు ముచ్చటేస్తుంది. ఒక్కోటీ చిన్నదే, ఖర్చు లేనిదే.

కొత్తగా వచ్చిన ప్రతి పిల్లకూ మూడు నెలలపాటు ఒక పాత విద్యార్థిని తోడుగా పెట్టేవారు. అందరికీ అందే ఎత్తులో నోటీసు బోర్డు, ఉత్తరాల పెట్టె ఉండేవి. ఎదురుగా నిలబడి చెప్పలేని మాట పిల్లలు చీటీ రాసి అందులో వేసేవారు. కొట్లాటలు మానలేని పిల్లవాడు డాక్టరు గారితో పందెం కట్టేవాడు. ఒక్కసారిగా మానేస్తానని కాదు, ఈ వారం ఇన్నిసార్లకు మించి కొట్టుకోనని. గెలిస్తే మిఠాయి. వచ్చే వారం ఆ అంకె కాస్త తగ్గేది.

అన్నిటికన్నా పెద్ద ఏర్పాటు పిల్లల కోర్టు. ఎవరికి అన్యాయం జరిగినా ఫిర్యాదు రాయవచ్చు. ఆ వారం తమ మీద ఏ కేసూ లేని పిల్లల్లోంచి చీటీలు తీసి ఐదుగురిని జడ్జీలుగా కూర్చోబెట్టేవారు. కోర్చాక్ రాసిన చట్టంలో మొదటి తొంభైతొమ్మిది సెక్షన్లూ ఏదో ఒక కారణంతో క్షమించేవే. ఆ తర్వాతవి మందలింపులు. వెయ్యో సెక్షన్ ఒక్కటే ఇంటి నుంచి పంపేయడం. మొదట్లో పిల్లలు దీన్ని ఆటగా తీసుకున్నారు. అల్లరి మితిమీరేసరికి ఆయన కోర్టును కొన్ని వారాలు ఆపేశారు. మళ్లీ తెరిచినప్పుడు పెద్దవాళ్ల మీద కూడా పిల్లలు కేసు పెట్టవచ్చన్నారు.

 ఆరు నెలల్లో ఐదుసార్లు డాక్టరు గారు తన మీద తానే కేసు పెట్టుకున్నారు. అందులో ఒకటి ఒక అబ్బాయి చెవి మీద కొట్టినందుకు, ఇంకొకటి ఒక అమ్మాయి మీద దొంగతనం అనుమానం పెట్టినందుకు. తాను గీసిన గీత లోపల తానే నిలబడ్డారు. దానివల్ల తన మర్యాద తగ్గిందని ఆయన అనుకోలేదు. తనను మంచి గురువుగా తీర్చిదిద్దింది ఆ కేసులేనని రాసుకున్నారు.

ఫ్యాక్టరీల్లో పనిచేసిన మన మిత్రులకు ఇందులోని కిటుకు వెంటనే తెలుస్తుంది. తృటిలో తప్పిన ప్రమాదాన్ని కార్మికుడు వచ్చి చెబితే, ముందు అతనికే మెమో ఇచ్చారనుకోండి. ఆ మర్నాటి నుంచి ఎవరూ ఏమీ చెప్పరు. రిజిస్టరు శుభ్రంగా ఉంటుంది, ప్రమాదం మాత్రం ఒకరోజు జరిగి తీరుతుంది. బడీ అంతే. కోదండం, గోడకుర్చీ, తొడపాశం మన తరానికి కొత్త కాదు. అవి క్లాసును నిశ్శబ్దం చేశాయి. ఆ నిశ్శబ్దంలోనే వెనక బెంచీలో చిన్నవాణ్ణి పెద్దవాడు ఏం చేస్తున్నాడో మాస్టారికి తెలియకుండా పోయింది.

1940లో నాజీలు వార్సా యూదులను గోడ కట్టిన ఘెట్టోలోకి తోసినప్పుడు పిల్లలతోపాటు కోర్చాక్ కూడా అందులోకి వెళ్లారు. తిండి కోసం గడపగడపా తిరిగారు. 1942 జూలై 18న ఆ ఇంటి పిల్లలు రవీంద్రనాథ్ ఠాగూర్ నాటకం డాక్‌ఘర్ వేశారు. గది దాటలేని జబ్బు పిల్లవాడు రాజు గారి ఉత్తరం కోసం ఎదురుచూసే కథ అది. మూడు వారాలు తిరగకముందే, ఆగస్టు మొదట్లో, సుమారు రెండు వందల మంది పిల్లలను రైలెక్కించి ట్రెబ్లింకా మరణశిబిరానికి పంపారు. ఆయనను తప్పించేందుకు మిత్రులు ఏర్పాట్లు చేశారు. ఆయన వద్దన్నారు. స్తెఫానియాతో కలిసి పిల్లల వెంట నడిచి వెళ్లారు. వాళ్లలో ఎవరూ తిరిగి రాలేదు.

తర్వాత బాలల హక్కుల ఒప్పందం కావాలని ఐక్యరాజ్యసమితిలో ప్రతిపాదించింది ఆయన దేశం పోలెండే. 1989లో అది ఆమోదం పొందింది. మన దేశం 1992లో అందులో చేరింది. మన విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది.

చట్టం ఉంది. పిల్లవాడి ఫిర్యాదు వినే చెవి కూడా ఉండాలి. మన సంఘం ఇప్పటిదాకా బడికి ఏది అవసరమైనా చందాలు పోగుచేస్తూనే ఉంది. ఈ స్వర్ణోత్సవ ఏడాది ఒక చెక్క పెట్టె కూడా ఇద్దాం. ఒకటో తరగతి పిల్లకు కూడా అందే ఎత్తులో బిగిద్దాం. వారానికొకసారి ఇద్దరు ఉపాధ్యాయులు, ఇద్దరు విద్యార్థులు కలిసి దాన్ని తెరవాలి. ప్రతి చీటీకీ జవాబు చెప్పాలి, రాసిన పిల్లల పేరు బయటపెట్టకూడదు. ఫిర్యాదు పెద్దవాళ్ల మీదైతే దాన్ని హెడ్మాస్టరు గారు స్వయంగా చూడాలి. గురువులు దీన్ని తమ మీద అనుమానంగా తీసుకోవద్దని మనవి. కోర్చాక్ కూడా గురువే.