పాకాల అడవులలో ఆరవ నిజాము

నర్సంపేటకు తూర్పున, కాకతీయులనాటి పాకాల చెరువును చుట్టుకొని దట్టమైన అడవి కలదు. నేడది అభయారణ్యము, ఒకప్పుడు హైదరాబాదు ప్రభువుల వేటభూమి. ఆ ప్రభువులలో తుపాకి గురికి పేరొందినవాడు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్.

ఆయన 1866లో జన్మించెను. మూడేండ్లు నిండకమునుపే, 1869లో, తండ్రి గతించుటచే సింహాసనమెక్కెను. సాలార్‌జంగు ప్రభృతులు రాజ్యభారము వహించిరి. 1884లో లార్డు రిప్పన్ ఆయనకు పూర్ణాధికారము లొసంగెను. గాలిలోనికి విసరిన రూపాయిని ఆయన గుండుతో కొట్టెడివాడని జనశ్రుతి. జనశ్రుతి కొంత పెంచి చెప్పియుండవచ్చును. ఏమైనను గురి యనునది కంటిలోను చేతిలోను మాత్రమే యుండునది కాదు. గొట్టపు వ్యాసములోను, తూటాలోని మందు కొలతలోను గూడ నుండును.

ఆయన జీవితకాలముననే తుపాకి స్వరూపము మారిపోయెను. బాల్యమునాటివి నల్లని తుపాకిమందుతో పేలు .577 వంటి లావుపాటి గొట్టములు. పేల్చగనే పొగ క్రమ్మి, దెబ్బ తగిలినదో లేదో తెలియకుండెడిది. 1890 తరువాత పొగ తక్కువగల కార్డైటు వాడుకలోనికి వచ్చెను. 1898లో రిగ్బీవారు దానితో .450 తూటాను వెలువరించిరి. కాని ఎండవేడికి కార్డైటు ఒత్తిడి హెచ్చును. ఇంగ్లండు చలికి సరిపోయిన తూటా ఓరుగల్లు వేసవికి సరిపడదు. అందుచే మన దేశమునకు పంపు తూటాలలో మందు కొంత తగ్గించెడివారు. జంట గొట్టముల తుపాకికి మరియొక చిక్కు కలదు. ఒకే బరువు గుండుకు, ఒకే కొలత మందుకు ఆ గొట్టములను సరిచూచి అతుకుదురు. కొలత మారెనా, రెండు గుండ్లు రెండు త్రోవలు పట్టును.

ఏనుగు అంబారీలో వేటగాండ్రు పొట్టి జంటగొట్టపు పిస్తోలును గూడ ఉంచుకొనెడివారు. పులి పైకి లంఘించినపుడే దానికి పని. గుండు పెద్దది, పేలగనే చేతిని వెనుకకు తన్నును. దూరపు గురికి అది కొఱగాదు.

గురి తప్పినచో మూల్యము చెల్లించువాడు రాజు కాడు. డప్పులు మ్రోగించుచు పులిని తరుము గ్రామస్థులు కాలినడకన పొదలలో నుండిరి; గాయపడిన పులికి మొదట ఎదురగువారు వారే. 1902 ఏప్రిలులో వైస్రాయి కర్జను దంపతులు నెక్కొండ అడవులలో వేటాడిరి. చచ్చిన పులితో వారి ఛాయాచిత్రము నేటికిని నిలిచియున్నది. తరిమినవారి పేర్లు లోకమెరుగదు.

1907 ప్రాంతమున ఆంగ్లప్రభుత్వము .450 తుపాకులను ఈ దేశమునకు రానీయక నిషేధించెను. ఆ గుండ్లు తిరుగుబాటుదారుల పాలగునని వారి భయము. వెంటనే .470 వంటి క్రొత్త కొలతలు పుట్టెను. మహబూబ్ అలీఖాన్ 1911 ఆగస్టు 29న ఫలక్‌నుమా సౌధమున, 45 ఏండ్ల ప్రాయమున గతించెను.