రాజదండం దించిన చక్రవర్తి

చేతిలో పని ఇంకా మిగిలి ఉండగా బాధ్యత వదులుకోవడం ఓటమి అవుతుందా? ఇల్లు నడిపే పెద్దలకు, సంఘం నడిపే పెద్దలకు ఏదో ఒకనాడు ఎదురయ్యే ప్రశ్న ఇది. ఐదవ చార్లెస్ చక్రవర్తికీ ఎదురయింది.

ఆయన 1500 ఫిబ్రవరి 24న నేటి బెల్జియంలోని గెంట్ నగరంలో జన్మించాడు. 1516లో స్పెయిన్ రాజయ్యాడు. 1519లో, 19 ఏళ్ల వయసులో, పవిత్ర రోమన్ సామ్రాజ్యానికి చక్రవర్తిగా ఎన్నికయ్యాడు. సముద్రానికి ఆవల మెక్సికో, పెరూ దేశాలు కూడా ఆయన ఏలుబడిలోకి వచ్చాయి. ఆ రాజ్యాలను కాపాడుకుంటూ జర్మనీకి తొమ్మిదిసార్లు, ఇటలీకి ఏడుసార్లు ప్రయాణం చేశాడు. కీళ్లవాతంతో చేతులు, కాళ్లు వంకరలు పోయాయి.

క్రైస్తవ లోకాన్ని ఒకే విశ్వాసంలో నిలపాలన్నది ఆయన జీవితాశయం. అది నెరవేరలేదు. 1555 సెప్టెంబరులో కుదిరిన ఆగ్స్‌బర్గ్ ఒప్పందం జర్మనీలో ఒక్కొక్క ప్రభువు కతోలిక మతమో లూథరన్ మతమో ఎంచుకోవడానికి అనుమతించింది. అంతా చక్కబడ్డాకే దిగిపోతానని ఆయన పట్టుబడితే, ఆ రోజు ఎన్నటికీ వచ్చేది కాదు.

అయితే ఆయన తొందరపడనూ లేదు. కుమారుడు ఫిలిప్‌కు 1543 నుండే స్పెయిన్ పాలన అప్పగించి తర్ఫీదు ఇచ్చాడు. తమ్ముడు ఫెర్డినాండ్ జర్మనీ వ్యవహారాల్లో ఆరితేరాడు. తన శక్తి తగ్గింది, వారసులు ఎదిగారు. ఈ రెండూ కలిసిన సమయాన్ని ఆయన గుర్తించాడు.

1555 అక్టోబరు 25న బ్రస్సెల్స్‌లో సభ కూడింది. ఒక చేత కర్ర, మరొక చేయి యువరాజు విలియం ఆఫ్ ఆరెంజ్ భుజం మీద. అలా వచ్చి తన ప్రయాణాలు చెప్పుకున్నాడు, తన వల్ల అన్యాయం పొందినవారిని క్షమాపణ కోరాడు, నెదర్లాండ్స్‌ను కుమారునికి అప్పగించాడు. మరుసటి సంవత్సరం స్పెయిన్‌ను ఫిలిప్‌కు, సామ్రాజ్యాన్ని ఫెర్డినాండ్‌కు విడిచిపెట్టాడు.

1557 ఫిబ్రవరిలో స్పెయిన్‌లోని యూస్తె మఠం చేరాడు. దేవాలయాన్ని ఆనుకొని కట్టిన ఇంట్లో, పడక మీద నుండే పీఠం కనిపించే గదిలో నివసించాడు. రాజ్య వ్యవహారాల మీద ఉత్తరాలు వస్తూనే ఉండేవి, సలహాలు పంపుతూనే ఉన్నాడు. మనసు ఒక్కసారిగా విడిపోదు గదా! కానీ కిరీటాన్ని మాత్రం తిరిగి కోరలేదు. 1558 సెప్టెంబరు 21న, 58 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

ఆ సభలో భుజం అందించిన విలియమే తరువాత ఫిలిప్ మీద తిరుగుబాటుకు నాయకుడయ్యాడు. అప్పగించేవాడు రేపటిని తన గుప్పిట్లో పెట్టుకోలేడు.

ప్రియ పాఠకులారా, నలభై ఏళ్ల కుమారుడు ఇంకా బీరువా తాళాల కోసం తండ్రి ముఖం చూసే ఇళ్లు మన విచారణల్లో లేవా? నాకు ఇంకా ఓపిక ఉందా అని మాత్రమే అడిగితే సగం ప్రశ్నే అడిగినట్లు. నా తరువాతివారిని నిలబడనిచ్చానా అన్నది మిగతా సగం.