నిద్రలోనే కన్నుమూసిన ఆరవ జార్జి చక్రవర్తి

పాతకాలపు వెండి రూపాయి మీద కిరీటంతో కనిపించే ఆరవ జార్జి భారతదేశానికి చివరి చక్రవర్తి. 1895 డిసెంబరు 14న ఐదవ జార్జికి రెండో కుమారుడుగా జన్మించారు. చిన్ననాటి నుంచి నత్తి బాధించింది. ఆస్ట్రేలియా వాసి లయొనెల్ లోగ్ వద్ద సాధన చేసి మాట దిద్దుకున్నారు. 1936లో అన్న ఎనిమిదవ ఎడ్వర్డు గద్దె వదులుకోవడంతో కోరని రాజ్యం ఆయన నెత్తిన పడింది. 1940లో సొంత భవనం మీదే జర్మనీ బాంబులు పడినా దేశం విడిచిపోలేదు.

ఆయన సిగరెట్లు విపరీతంగా కాల్చేవారు. 1949లో కాళ్ళకు రక్తప్రసారం దెబ్బతిని ఆపరేషన్ జరిగింది. తర్వాత ఎడమ ఊపిరితిత్తిలో క్యాన్సర్ బయటపడింది. 1951 సెప్టెంబరు 23న బకింగ్‌హాం భవనంలోనే శస్త్రవైద్యుడు క్లెమెంట్ ప్రైస్ థామస్ ఆ ఊపిరితిత్తిని తొలగించారు. జబ్బు క్యాన్సరని రాజుకు చెప్పలేదు.

కోలుకుంటున్నారనే అందరూ అనుకున్నారు. 1952 జనవరి 31న కుమార్తె ఎలిజబెత్‌ను విమానాశ్రయంలో సాగనంపారు. ఫిబ్రవరి 5న వేటకు వెళ్ళి వచ్చి నిద్రించారు. తెల్లవారి సాండ్రింగ్‌హాంలో పడకమీదే నిర్జీవులై కనిపించారు. గుండె రక్తనాళంలో నెత్తురు గడ్డకట్టడమే కారణమని ప్రకటించారు. అప్పటికి ఆయన వయస్సు 56. కెన్యాలో ఉన్న కుమార్తె అక్కడే రాణి అయ్యారు.

పెద్ద ఆపరేషన్ తర్వాత రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. పొగతాగేవారికి ముప్పు మరీ ఎక్కువ. అందుకే నేడు డాక్టర్లు రోగిని త్వరగా లేపి నడిపిస్తారు, అవసరమైతే గడ్డకట్టకుండా మందులిస్తారు. ఆపరేషన్ అయినవారికి ఆయాసం, గుండెనొప్పి, ఒక కాలికి వాపు వస్తే వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.