పుట్టింటి పేరు నిలిపిన క్లేర్ దొరసాని

పదమూడో ఏట పెళ్ళి. ఇరవై ఏడో ఏడు నిండకుండానే మూడోసారి వైధవ్యం. ముగ్గురు భర్తలకీ ఒక్కొక్కరు చొప్పున ముగ్గురు పిల్లలు. ఆ తర్వాత ముప్ఫై ఎనిమిదేళ్ళు ఒంటరిగానే, ఎవరి మాటా పడకుండా, తన ఊళ్ళు తనే ఏలుకుంటూ బతికింది. ఎలిజబెత్ డి బర్గ్ అంటారు చరిత్రలో. ఆవిడ మాత్రం తనని తాను క్లేర్ దొరసానిగా చెప్పుకునేది. బర్గ్ మొదటి అత్తవారి పేరు, క్లేర్ పుట్టింటి పేరు. తర్వాత కట్టుకున్న ఇద్దరి పేర్లూ ఎక్కడా తగిలించుకోలేదు. ఎందుకో ఆవిడ కథ వింటే మీకే తెలుస్తుంది.

ఇంగ్లండు రాజుల వంశవృక్షం ముందేసుకుని కూర్చుంటే నాకు ఒక తమాషా కనిపించింది. మన ఇళ్ళల్లో వంశవృక్షం రాస్తే మగపిల్లల పేర్లే ఉంటాయి. ఆడపిల్ల కొమ్మ అక్కడికక్కడే ఆగిపోతుంది. అక్కడా మగపిల్లాడికే పెద్దపీట. పెద్దకొడుకు ఉంటే ఆస్తంతా వాడిదే, తమ్ముళ్ళకి కూడా దక్కదు. కానీ కొడుకులు లేకపోతే మాత్రం దాయాదులకి పోదు. కూతుళ్ళందరికీ సమానంగా పంచాల్సిందే. ఈ ఒక్క నియమం వల్ల క్లేర్ వంశంలో ఆడపిల్లలకి ఎంత మేలు జరిగిందో అంత కీడూ జరిగింది.

వంశం మూలపురుషుడు రిచర్డ్. 1066లో నార్మండీ నుంచి విలియంతో పాటు వచ్చి, సఫోక్‌లో క్లేర్ అనే ఊరు సంపాదించుకున్నాడు. ఆ ఊరే ఇంటిపేరయింది. ఎలిజబెత్ తాతగారి తల్లి ఇసబెల్ మార్షల్. ఆమెకి అయిదుగురు అన్నదమ్ములు, నలుగురు అక్కచెల్లెళ్ళు. అన్నదమ్ములు ఒకరి తర్వాత ఒకరు వారసత్వానికి వచ్చి, ఒక్కరికీ వారసుడు మిగలకుండానే పోయారు. 1245లో ఆఖరివాడు పోయాక ఆ మహా ఆస్తి అంతా ఆడపిల్లల వాటాలుగా చీలింది. అలా క్లేర్ వాళ్ళకి ఐర్లండ్‌లో కిల్‌కెన్నీ వచ్చింది. వేల్స్‌లో అస్క్ కోట కూడా ఆ మార్షల్ ఆస్తిలోదే. ఈ అస్క్ పేరు గుర్తుపెట్టుకోండి.

తండ్రి గిల్బర్ట్‌కి ఎర్రజుట్టు. అందరూ ఎర్ర దొర అనేవారు. 1290లో నలభై ఆరేళ్ళ వయసులో, మొదటి భార్యని వదిలేశాక, మొదటి ఎడ్వర్డ్ రాజు కూతురు జోన్‌ని చేసుకున్నాడు. పెళ్ళికూతురికి పద్దెనిమిది. పిల్లనిచ్చిన మామగారు గడుసువాడు. ముందు అల్లుడి భూములన్నీ తన పేర రాయించుకుని, తిరిగి దంపతులిద్దరి పేరా రాసిచ్చాడు. తన కూతురి కడుపున పుట్టినవాళ్ళకే ఆ ఆస్తి చెందాలని షరతు. ఆ ఒక్క షరతుతో మొదటి భార్యకి పుట్టిన ఇద్దరు ఆడపిల్లలకీ తండ్రి ఆస్తి లేకుండా పోయింది. వాళ్ళ గురించి రాసేవాళ్ళు చాలా తక్కువ. నాకు మాత్రం ఈ కథలో మొదటి అన్యాయం అదే అనిపిస్తుంది.

జోన్‌కి నలుగురు. గిల్బర్ట్, ఎలియనార్, మార్గరెట్, ఆఖరిది ఎలిజబెత్. 1295 సెప్టెంబర్‌లో ఈమె పుడితే, డిసెంబర్‌లో తండ్రి పోయాడు. తల్లి ఊరుకోలేదు. రాజుగారు వేరే సంబంధం చూస్తుండగానే, 1297లో, తన కొలువులో పనిచేసే రాల్ఫ్ అనే కుర్రాడిని రహస్యంగా పెళ్ళాడింది. తండ్రి మండిపడి కొత్త అల్లుడిని జైల్లో వేయించాడు. చివరికి తనే మెత్తబడ్డాడు. మనసుకి నచ్చినవాణ్ణి చేసుకునే అదృష్టం తల్లికి దక్కింది గానీ కూతుళ్ళకి దక్కలేదు.

1308లో ఎలిజబెత్ పెళ్ళి అచ్చంగా మన కుండమార్పిడి పెళ్ళే. ఐర్లండ్‌లో అల్‌స్టర్ ప్రభువు కొడుకు జాన్ డి బర్గ్‌కి ఈమెని ఇచ్చారు. జాన్ చెల్లెలు మాడ్‌ని ఈమె అన్నకి చేసుకున్నారు. మేనమామ రెండో ఎడ్వర్డ్ అప్పుడు రాజు. ఆయన ఎదుటే వాల్తమ్‌లో రెండు పెళ్ళిళ్ళూ జరిగాయి. 1312లో ఎలిజబెత్‌కి కొడుకు పుట్టాడు, పేరు విలియం. మరుసటేడు జాన్ పోయాడు.

ఆ మరుసటేడు, 1314 జూన్‌లో, స్కాట్లండ్ వాళ్ళతో బానక్‌బర్న్ దగ్గర జరిగిన యుద్ధంలో అన్న గిల్బర్ట్ చనిపోయాడు. ఇరవై మూడేళ్ళవాడు. బిడ్డలు లేరు. ఏటా సుమారు 6,000 పౌన్ల రాబడి వచ్చే ఆస్తి ముగ్గురు అక్కచెల్లెళ్ళ ఒళ్ళో పడింది. అన్న పోయాడన్న దుఃఖం ఒకవైపు, రాజ్యంలో కన్నుపడని మగాడు లేడన్న భయం ఇంకోవైపు.

పంపకం వెంటనే జరగలేదు. వదిన మాడ్ తను కడుపుతో ఉన్నానంది. తొమ్మిది నెలలు దాటాయి, ఏడాది దాటింది, రెండేళ్ళు దాటాయి. కడుపు మాత్రం దిగలేదు! రాజు కూడా ఆ మాట పట్టుకునే పంపకం ఆపుతూ వచ్చాడు. నవ్వొస్తుంది గానీ, బిడ్డ లేకపోతే ఆ ఇంట్లో తన స్థానమేమిటని ఆ పిల్ల పడ్డ గుబులు కూడా మనకి అర్థం కానిది కాదు. మొత్తానికి 1317 నవంబర్‌లో గానీ వాటాలు తేలలేదు.

ఈలోగా ఎలిజబెత్‌ని ఇంకా రెండు పెళ్ళిళ్ళు మింగాయి. మేనమామ ఐర్లండ్ నుంచి పిలిపించి బ్రిస్టల్ కోటలో ఉంచాడు. 1316 ఫిబ్రవరిలో థియోబాల్డ్ డి వెర్డన్ అనే ప్రభువు ఆమెని అక్కడి నుంచి ఎత్తుకుపోయి పెళ్ళాడాడు. ఐర్లండ్‌లోనే మాట అయిందనీ, తనంతట తనే కోట బయటికి వచ్చిందనీ రాజుకి చెప్పుకున్నాడు. ఆమె ఏమందో ఎవరూ రాసిపెట్టలేదు. ఆరు నెలలు తిరక్కుండానే అతనూ పోయాడు. అప్పటికే ఆమె కడుపుతో ఉంది. పిన్ని సన్యాసినిగా ఉన్న ఆమ్స్‌బరీ మఠంలో తలదాచుకుని 1317 మార్చిలో ఇసబెల్లాని కన్నది. పురిటి మంచం దిగిందో లేదో, మేనమామ తన ఆంతరంగికుడైన రోజర్ డామరీకి కట్టబెట్టేశాడు. అంతకుముందు నుంచే ఒప్పుకోమని ఆమెకి ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. మేనమామ అంటే మనకి తల్లి తర్వాత తల్లి. ఆయన లెక్కలో మేనకోడలంటే నచ్చినవాడికి ఇచ్చే బహుమతి.

అసలు గండం ఇంట్లోనే ఉంది. పెద్దక్క ఎలియనార్ భర్త హ్యూ డిస్పెన్సర్. మూడో వాటాతో అతనికి తృప్తి లేదు. మరదళ్ళ వాటాలు కూడా కావాలి. రాజు అతని గుప్పిట్లో ఉన్నాడు. తోడల్లుళ్ళ మధ్య తగువు 1321 నాటికి ఏకంగా యుద్ధమయింది. డామరీ తిరుగుబాటుదార్లలో చేరి, దెబ్బలు తిని, 1322 మార్చిలో టట్‌బరీలో పోయాడు. మరణశిక్ష వేసి కూడా మేనకోడలి భర్తని అమలు ఆపించాడట రాజు. రెండు మూడు రోజుల్లో పోయేవాడి మీద ఎంత దయ!

ఎలిజబెత్‌ని అస్క్ కోటలో పిల్లలతో సహా పట్టుకుని బార్కింగ్ మఠంలో నిర్బంధించారు. అక్కడ ఉండగానే బావగారు పనికి దిగాడు. అస్క్ ఇచ్చేసి దాని బదులు గవర్ తీసుకోమన్నాడు. గవర్ విలువ తక్కువ. సరేనని తలవంచింది. కొన్నాళ్ళకి కోర్టు వ్యాజ్యం పెట్టించి ఆ గవర్‌ని కూడా లాగించేశాడు. 1322 క్రిస్మస్‌కి యార్క్ రమ్మని రాజు కబురుపెట్టాడు. తీరా వెళ్ళాక ఆమెకి సలహా చెప్పేవాళ్ళని దూరం చేసి, రాజు అనుమతి లేకుండా పెళ్ళి చేసుకోననీ, భూములు ఎవరికీ ఇవ్వననీ బలవంతాన రాయించుకున్నారు.

ఇక్కడే నాకు ఆవిడ మీద గౌరవం కలిగింది. 1326 మే నెలలో, డిస్పెన్సర్ ఇంకా ఉచ్చస్థితిలో ఉండగానే, క్లేర్ కోటలో రహస్యంగా ఒక లేఖకుణ్ణి కూర్చోబెట్టుకుని జరిగిందంతా పూసగుచ్చినట్టు రాయించింది. తన చేత ఏం రాయించుకున్నారో, ఎలా భయపెట్టారో, ఏదీ తన ఇష్టంతో జరగలేదనీ. బయటపడితే తల పోయేది. కాగితం ఉంటే ఏనాటికైనా అక్కరకొస్తుందన్న తెలివి చూడండి! అట్టే రోజులు ఆగాల్సిన పని లేకపోయింది. ఆ నవంబర్‌లోనే డిస్పెన్సర్‌ని హెర్‌ఫర్డ్‌లో ఉరితీశారు. 1327లో అస్క్ తిరిగి ఆమె చేతికొచ్చింది. అయితే అప్పుడు లండన్ టవర్‌లో బందీగా ఉన్నది పెద్దక్క ఎలియనార్. నడిపామె మార్గరెట్‌ని కూడా అంతకుముందు సెంప్రింగ్‌హామ్ మఠంలో పెట్టారు. మూడు వాటాలకీ మూడు చెరలు.

తర్వాత ఎంతమంది చెప్పినా పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు. క్లేర్‌లో ఆమె ఇల్లంటే ఒక చిన్న ఊరు. ఏటా రెండొందల మందికి పైగా బట్టలు పెట్టేది. రొట్టె, సారా, చేపలు, కొవ్వొత్తులు, గుర్రాల దాణా దగ్గర్నుంచి రోజువారీ పద్దులు తోలు చుట్టల మీద రాయించింది. అవి నేటికీ భద్రంగా ఉన్నాయి. ఆ కాలపు ఇల్లాలి పెత్తనం ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే పండితులు ఇప్పటికీ ఆ పద్దుల్నే తిరగేస్తారు. పద్దుల పుస్తకం రాసే అలవాటున్న ఆడవాళ్ళందరికీ ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది నాకు.

కడుపుకోత మాత్రం తప్పలేదు. ఒక్కగానొక్క కొడుకు విలియంని 1333లో ఐర్లండ్‌లో సొంత మనుషులే చంపారు. ఇరవై ఏళ్ళవాడు. అప్పటికి అతని కూతురికి ఏడాది నిండలేదు. ఆ పసిదానికీ ఎలిజబెత్ అనే పేరు. మళ్ళీ ఆస్తంతా ఒక ఆడపిల్ల మీదికే వచ్చింది. 1342లో పదేళ్ళ ఆ పిల్లని మూడో ఎడ్వర్డ్ రాజు కొడుకు లయొనెల్‌కి ఇచ్చి చేశారు. పెళ్ళికొడుకుకి నాలుగేళ్ళు నిండలేదు! తర్వాత అతన్ని డ్యూక్ చేస్తూ ఇచ్చిన బిరుదు క్లారెన్స్. క్లేర్ నుంచి పుట్టిన పేరే అది. ఈ మనవరాలి ఇంటి పద్దుల్లోనే 1357లో ఒక కుర్ర సేవకుడికి కురచ చొక్కా, మేజోళ్ళు, చెప్పులు కొన్న ఖర్చు రాసి ఉంది. ఆ కుర్రాడు చాసర్, తర్వాత ఇంగ్లీషు కవిత్వానికి తండ్రి అనిపించుకున్నవాడు.

మనవరాలికీ ఒక్కతే కూతురు, ఫిలిప్పా. ఆమె మనవరాలు ఆన్ మార్టిమర్. ఆన్ కొడుకు యార్క్ డ్యూక్ రిచర్డ్. అతని కొడుకే 1461లో సింహాసనం ఎక్కిన నాలుగో ఎడ్వర్డ్. రాజ్యం మాది అని యార్క్ వాళ్ళు వాదించింది ఈ ఆడవాళ్ళ వైపు నుంచే. ఇంకో విచిత్రం ఉంది. ఈ ఎడ్వర్డ్ పెళ్ళాడిన ఎలిజబెత్ వుడ్‌విల్ అప్పటికే వితంతువు. ఆమె మొదటి భర్త జాన్ గ్రే ఎవరనుకున్నారు? మఠంలో పుట్టిన ఇసబెల్లా ఉంది చూడండి, ఆ పిల్ల సంతతి! మన దొరసాని మొదటి పెళ్ళి వంశం, రెండో పెళ్ళి వంశం నూటయాభై ఏళ్ళ తర్వాత ఒకే ఆడమనిషి మెడలో పడ్డాయి. 1553లో తొమ్మిది రోజులు రాణిగా ఉండి, మరుసటేడు తల పోగొట్టుకున్న జేన్ గ్రే ఆ ఇసబెల్లా కొమ్మే.

ఇవన్నీ చూడ్డానికి ఆవిడ లేదు. 1360 నవంబర్ 4న పోయింది. లండన్‌లో ఆల్డ్‌గేట్ బయట సన్యాసినుల మఠంలో సమాధి చేశారు. తను పోయేలోగా ఇంకొక పని చేసింది. కేంబ్రిడ్జిలో 1326లో మొదలై డబ్బు లేక మూతపడబోతున్న ఒక విద్యాలయాన్ని 1338లో తన చేతుల్లోకి తీసుకుని భూములు రాసిచ్చి క్లేర్ హాల్ అని పేరు పెట్టింది. తర్వాత అదే క్లేర్ కాలేజీ అయింది. 1359లో ఆమె ఇచ్చిన నిబంధనల్లో ప్లేగు ఎంతమందిని పొట్టన పెట్టుకుందో తలుచుకుని, పదిమంది పేదపిల్లలకి ఉచితంగా చదువు, పాట నేర్పాలని పెట్టింది. పదిమందీ మగపిల్లలే, ఆ రోజులు అవి.

కాలేజీ చిహ్నంలో క్లేర్ వాళ్ళ గుర్తూ, బర్గ్ వాళ్ళ గుర్తూ పక్కపక్కనే ఉంటాయి. చుట్టూ నల్ల అంచు. ఆ నలుపు మీద బంగారు రంగు చుక్కలు. అవి ఆవిడ కన్నీళ్ళని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ఆడపిల్లలు ఆ కాలేజీలో చదువుకోవడానికి మొదటిసారి గడప దాటింది 1972లో.